పేరెవరిది?

'సొమ్మొకడిది, సోకొకడిది' అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అయితే ప్రతిచోటా ఆ సామెత అతుకుతుందా?

లోహపు చట్రం ఉన్న గాలి ఓడ అనగానే గుర్తొచ్చే పేరు జెప్పెలిన్. ఆయన ఓడ కాన్‌స్టన్స్ సరస్సు మీద తొలిసారి ఎగిరింది 1900 జూలై 2న. అంతకు ముందే, 1897 నవంబరు 3న, బెర్లిన్‌లోని టెంపెల్‌హాఫ్ మైదానంలో ఒక అల్యూమినియం ఓడ పైకి లేచింది. కాసేపటికే ప్రొపెల్లరు బెల్టు జారి, కిందపడి పాడైంది. నడిపినవాడు బతికిపోయాడు. దాన్ని తలపెట్టిన కలప వ్యాపారి డేవిడ్ ష్వార్జ్ మాత్రం ఆ ఏడు జనవరిలోనే కన్నుమూశాడు. పని ఆగకుండా చూసింది ఆయన భార్య మెలనీ.

మరి జెప్పెలిన్ దొంగిలించాడా? అలా అంటే అన్యాయం. ఆ ఊహ ఆయన డైరీలో 1874 నాటికే ఉంది; పేటెంటు 1895 నాటిది. ష్వార్జ్ ఓడకు పైతొడుగూ అల్యూమినియం రేకే. ఈయనది చట్రం మీద గుడ్డ. కానీ ష్వార్జ్‌కు అల్యూమినియం సరఫరా చేసిన కార్ల్ బెర్గే తరవాత జెప్పెలిన్‌కూ చేశాడు. మొదటి ఓడ దగ్గర నేర్చిన పనితనం రెండోదాని దగ్గర అక్కరకు రాకుండా ఉంటుందా?

దొంగతనం కాదు, సరే. అప్పు కాకుండా పోతుందా? సొంత ఆస్తి ధారపోసి, పడ్డా లేచి, ఓడల్ని ఎగరేసినవాడికి పేరు రావలసిందే. ఆ పేరుతోపాటు కూలిన ఓడనూ, ఆ ఇల్లాలినీ ఒక్కమాట తలచుకుంటే ఆయనకు తరిగేదేముంది చెప్పండి? తీర్చలేని అప్పయినా, ఉందని ఒప్పుకోవడం మర్యాద.