మర్యాద



మర్యాద యను పదమునకు హద్దని యర్థము. తన యహంకారమునకుఁ దానే హద్దేర్పఱచుకొనుట మర్యాద.

సభకు సకాలమున వచ్చుట, ఒకరు మాటాడుచుండఁగా నడ్డుతగులకుండుట, ప్రతిపక్షము వారి వాదమును తుదివఱకు వినుట సభామర్యాదలు. వీనిని మన మెఱుఁగుదుము. కాని సభలో పదిమంది చూచుచుందురు గనుక నచ్చటి వినయము కొంత లోకభీతిచేతఁ గలుగవచ్చును. ఇంటిలోఁ జూచువారు లేరు. నిజమైన పరీక్ష యచ్చటనే కలదు.

మన భాషలో "మీరు", "నీవు", "ఒరే" యను మెట్లు కలవు. పడుచు అధికారిని "మీ"రనియు, అంట్లు తోము వృద్ధురాలిని "ఏమే" యనియుఁ బిలుచువాఁడు వయస్సును గౌరవించుట లేదు, గుణమును గౌరవించుట లేదు. పదవిని మాత్రమే గౌరవించుచున్నాఁడు. ఇఁక నామెకు వేఱు గ్లాసు నుంచుట మాట యేమి? 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే నస్పృశ్యతను రద్దుచేసినది. దానిని పాటించువారిని శిక్షించు శాసనము 1955లో వచ్చినది. అయినను వంటయింటి మూల వేఱుగా బోర్లించిన గ్లాసు శాసనము కంటఁ బడదు. దానిని దీయవలసినది మన చేయియే.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు, చదువు ముగించిన శిష్యునకు, శ్రద్ధతోను లజ్జతోను దానమిమ్మని బోధించెను. లజ్జ ఇచ్చువానికి విధింపఁబడినది గాని పుచ్చుకొనువానికిఁ గాదు.

కావున సోదరులారా! నేఁడే యింటికిఁ బోయి, మనకు వండిపెట్టి కడపటఁ దినువారిని, "మీరు భోజనము చేసితిరా?" యని ముందుగా నడుగుదము. సభలో మనము నేర్చిన వినయము సత్యమో కాదో యా ప్రశ్నయే తెలుపఁగలదు.