అంటును, అంటరానితనమును

మన తెలుగులో "అంటు" అనునది చిత్రమైన మాట. ఒకరినుండి యొకరికి ప్రాకు రోగము అంటురోగము. భోజనమైన పిదప తోమవలసిన పాత్రలు అంట్లు. ఒక మామిడికొమ్మను మఱియొక మామిడిమొక్కకు చేర్చి కట్టి రెంటిని నొక్కటిగా పెంచినచో నది అంటుమామిడి. మనుష్యుని మనుష్యుడు తాకరాదని కట్టిన దురాచారము అంటరానితనము. రోగమును, పాచియు, పొత్తును, పాపమును ఒక్క మాటయందే యిమిడి యున్నవి. ఈ నాలుగింటిని వేఱుపఱచి చూడలేకపోవుటచేత నెట్టి కీడు గలుగునో మా యింట జరిగిన యొక సంగతివలన మాకు తెలిసివచ్చినది. అందు మాకు గౌరవము తెచ్చునది కొంచెమే. ఐనను నిట్టిది ఏ యింటనైనను జరుగదగినది గావున దాచక చెప్పుచున్నాము.

మా అక్కగారు భర్తృవియోగానంతరము సికిందరాబాదులో మా యింటనే యుందురు. వారికి మధుమేహము కలదు. గడచిన వేసవిలో వారి వీపున నొక సెగగడ్డ లేచినది. వేడిచేసిన దనుకొని మజ్జిగ త్రాగించితిమి. నొప్పి హెచ్చగా వీధి మలుపునందలి మందుల దుకాణమునకు పోయి, వైద్యుని చీటి లేకయే, సూక్ష్మజీవులను చంపునవని చెప్పిన మాత్రలు కొనితెచ్చితిమి. మూడు దినములకు నొప్పి తగ్గినది. మాత్రలు మానిపించి, మిగిలినవి మఱొకప్పుడు పనికివచ్చునని యలమారలో దాచితిమి. కొన్ని వారములకు గడ్డ మరల లేచినది. దాని ప్రక్కన మఱి రెండు లేచినవి. దాచిన మాత్రలనే మరల నిచ్చితిమి. జ్వరము వచ్చిన పిమ్మటగాని వైద్యునికడకు పోలేదు. ఆయన గడ్డను కోసి చీము తీసి దానిని పరీక్షకు పంపెను. అది స్టాఫిలోకాకస్ అను సూక్ష్మజీవి యనియు, అందును మెథిసిలిన్ మొదలగు మందులకు లొంగని జాతి యనియు తేలినది.

"జాగ్రత్త, ఇది అంటుకొనును" అని వైద్యుడనిన యొక్క మాట మా యింటి నడవడినంతను మార్చివైచినది. అక్కగారి కంచము, గ్లాసు, చెంబు వేఱైనవి. వారి పడక వసారాగదికి మాఱినది. గుమ్మము దాటరాదని పిల్లలకు కట్టడి చేసితిమి. మేమును గుమ్మముకడనే నిలిచి కుశలమడిగి మరలి వచ్చుచుంటిమి. పుండు కడిగి కట్టుకట్టుట మాత్రము మా గృహిణి పనియయ్యెను. ఆమెకు చేతితొడుగులు కొని యీయవలెనను తలంపైనను మాకు రాలేదు. ఇన్ని వేఱుచేసిన మేము ఒక్కదానిని మాత్రము మఱచితిమి. స్నానపుగదిలోని తువాలు అందఱకు నుమ్మడిగానే వ్రేలాడుచుండెను.

ఒకనాటి మధ్యాహ్నము కంచమును గుమ్మముకడ పెట్టి మరలుచుండగా అక్కగారు మమ్ము పిలిచి, "పుండు నా వీపుమీద లేచింది గాని నా కంచానికి లేవలేదు గదరా, తమ్ముడా!" అనిరి. ఆ మాటలో కోపము లేదు. కోపమే యుండినచో మేము సమాధానము చెప్పియుందుమేమో.

మఱునాడు వైద్యుని కలిసి, ఈ రోగము ఏ దారిని వచ్చును, ఏ దారిని పోవును అని తొలిసారిగా నడిగితిమి. మొదటిదినమే అడుగవలసిన ప్రశ్న యిది. ఆయన చెప్పినది సంగ్రహముగా నిది. ఈ సూక్ష్మజీవి చీమును, పుండును తాకిన చేతులవలనను, ఉమ్మడిగా వాడు తువాళ్లు, క్షురకత్తులు, దుప్పట్లు మొదలగువానివలనను ప్రాకును. సబ్బుతో తోమిన కంచమువలన భయము లేదు. పుండుపై కట్టు సరిగా నున్నప్పుడు ఒక గదిలో కూర్చుండి మాటలాడుటవలన భయము లేదు. మఱియు నీ సూక్ష్మజీవి రోగులయందే యుండునది కాదు. సుమారు పదిమందిలో మువ్వురి ముక్కులలో స్టాఫిలోకాకస్ ఏ బాధయు కలిగింపక కాపురముండును. మందులకు లొంగని జాతి యంత విరివిగా నుండదు గాని, అదియు నట్లే యుండగలదు. ఇంటిలో గడ్డలు మరల మరల లేచుచున్నవి గనుక అందఱను పరీక్షించుట మంచిదని యాయన చెప్పెను. పరీక్షింపగా నా లొంగని సూక్ష్మజీవి యింటిలో నింకొకరి ముక్కునందు కనబడినది. ఆ యొక్కరు ఈ వ్యాసము వ్రాయుచున్న మేమే.

ఎవరినుండి ఎవరికి వచ్చినదో చెప్పుటకు వీలులేదని వైద్యుడనెను. ఆ సందియమే మాకు చాలినంత పాఠము. గుమ్మమునకు లోపలనున్నవారు మైల, వెలుపలనున్నవారు శుద్ధి యని మేము గీచిన గీతకు ఆధారము లేదని తేలినది.

రోగమునకు దారి యుండునను సత్యమును లోకమునకు నేర్పినవానిలో మన సికిందరాబాదునకు ప్రథమస్థానము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన ఇచ్చట రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మలేరియా యను ఇటలీ మాటకు చెడుగాలి యని యర్థము. గాలియే కారణమని నమ్మినంతకాలము మనుష్యుడు గాలినంతను చూచి భయపడెను. దోమయని తెలిసిన పిదప నా భయము దోమతెర యంతకు కుదించుకొన్నది. రోగమును పోగొట్టుట యొక యెత్తు. భయమునకు హద్దు గీచుట యొక యెత్తు. రెండవది మందు దొరకనప్పుడుకూడ మనకు సాధ్యమే.

కావున మేము గ్రహించిన ధర్మమిది: రోగియెడల మనము పాటించు ఎడము రోగము నడచు దారికి సరిపోవలెను. అంతకు తక్కువైనచో నది యజాగ్రత్త. అంతకు మించినచో నది క్రౌర్యము. "నా బిడ్డ పుండు నాకేమి చేయును" అని కట్టువిప్పిన చేతితోనే పిండి పిసుకు తల్లి ప్రేమ గొప్పదే. కాని యామె తక్కిన బిడ్డలకు కీడు చేయుచున్నది. తువాలు పంచుకొని కంచము వేఱుచేసిన మాబోటివారు రెండు తప్పులను ఒక్కమాఱే చేయుచున్నారు.

దారికి మించిన ఎడము ఎంతదూరము పోగలదో కుష్ఠురోగుల చరిత్రము చెప్పగలదు. పలు మందుల చికిత్సతో కుష్ఠును కుదుర్చవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1981లో సిఫారసు చేసెను. ఐనను కుష్ఠును విడాకులకు కారణముగా నొప్పుకొను మాటలు మన వివాహచట్టములనుండి 2019లో గాని తొలగింపబడలేదు. మందు వచ్చిన పిదప ముప్పదియెనిమిదేండ్లు చట్టముకూడ గుమ్మముకడనే నిలిచియుండెను. మన నగరమున కూకట్‌పల్లిలో 1958లో రాణీ కుముదినీదేవిగారు కుష్ఠురోగులకై శివానంద పునరావాస గృహమును స్థాపించిరి. అట్టి గృహమును కట్టినవారు పూజ్యులు. కాని దాని యవసరమును కల్పించినవారెవరు? తమవారికి తమ యింట చోటు లేదనిన మనబోటి గృహస్థులే.

దీనికి మఱుముఖమైన దృష్టాంతము బౌద్ధుల ధమ్మపదవ్యాఖ్యలో గలదు. తిస్సుడను భిక్షువునకు ఒడలంతయు గడ్డలు లేచి పగిలి, చీవరము చీముతో నతుకుకొని పోగా తోడి భిక్షువులు అతనిని విడిచిపెట్టిరి. బుద్ధుడు తానే నీరు కాచి, యతని యొడలు తడిపి కడిగి, వస్త్రములను వేడినీట నుతికించి యారవేయించెనని యా కథ చెప్పును. కథలోని కరుణను అందఱును మెచ్చుకొందురు. మేము మెచ్చుకొనునది ఆ వేడినీటిని. మా వైద్యుడు మాకు చెప్పిన విధియు నదియే. కరుణకును శుభ్రతకును విరోధము లేదు. రెండును ఒక్క చేతిపనియే.

మన మడి యట్టి శుభ్రతయే గదా యని కొందఱందురు. మడియందు స్నానము కలదు, ఉతికిన బట్ట కలదు, వానిని కాదనము. కాని మడి కట్టుకొన్నవాడు తన్ను తాకవలదని యితరుల నడ్డగించును. చేతులు కడుగుకొన్నవాడు తాను తాకుటవలన నితరులకు హాని కలుగకుండ జూచుకొనును. నీరొక్కటియే, దిక్కు వేఱు. పతంజలి శౌచమును నియమములలో చేర్చెను. నియమమనగా తనకు తాను విధించుకొనునది. ఇది మన దేశమునకే చెందిన దోషమును గాదు. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష చేసిన చేతులతోనే పురుళ్లు పోయుటవలన బాలింతలు చనిపోవుచున్నారని తెలిసికొని, క్లోరిన్ చేర్చిన సున్నపు జలముతో చేతులు కడుగుకొనవలెనని తోడివైద్యులను నిర్బంధించెను. మరణములు తగ్గినవి. ఐనను మా చేతులా మైలవి యని కోపగించిన విద్వాంసు లనేకులు. చదువుకొన్నవాని చేతికి మైల యుండునని యొప్పుకొనుట ఎక్కడనైనను కష్టమే.

ఇక నీ సూక్ష్మజీవికి ఇంత మొండితనము ఎట్లు వచ్చెను? ఇది రోగి చేసికొన్న పాపము కాదు. పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమానమందుకొనునప్పుడే, చాలీచాలని మోతాదులు వాడినచో సూక్ష్మజీవులు మందునకు అలవాటుపడునని హెచ్చరించెను. మెథిసిలిన్ 1959లో వచ్చెను. దానికి లొంగని స్టాఫిలోకాకస్ 1961లోనే ఇంగ్లండున కనబడెను. మందు బలహీనములను చంపును. చావక మిగిలినవి తమ సంతానముతో చోటునంతను నింపును. మందును అక్కఱలేనిచోట వాడినకొలది నీ యేఱివేత సాగుచుండును. మన ప్రక్కనున్న పటాన్‌చెరులో మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయుచోట వెలువడు నీటిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తములోకూడ నంత యుండదు. ఇట్టి మందులు కొన్నింటిని వైద్యుని చీటి లేక అమ్మరాదనియు, అమ్మిన ప్రతిదానిని ప్రత్యేకపుస్తకమున వ్రాయవలెననియు 2014 మార్చి నుండి నిబంధన కలదు. ఆ నిబంధనను దాటించినది దుకాణదారుడొక్కడే కాడు. చీటి లేక చేయిచాచిన మేముకూడ. కర్మాగారపు మురుగును మే మాపలేము. మా యలమారలోని మిగులుమాత్రలు మా వశములోనివే.

కావున నింటిలో చేయదగినవి కొన్ని. పుండును పొడిగుడ్డతో కప్పియుంచవలెను. గడ్డను నొక్కరాదు. కట్టు విప్పువారు చేతితొడుగులు వేసికొని, పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తువాలు, క్షురకత్తి యెవరివి వారికే. దుప్పట్లను వేడినీట నుతికి బాగుగా నారవేయవలెను. మందును వైద్యుడు చెప్పినంత, చెప్పినన్నాళ్లు వాడవలెను. ఒకరి మందు మఱొకరికి ఈయరాదు. వీనియన్నింటికంటె మాకు కష్టమైనది వేఱొకటి. పుండు కడుగు పని యింటి యాడువారి జన్మహక్కు కాదు. వారు మఱియొకరి సంసారమునుండి వచ్చి మన యక్కచెల్లెండ్రకు సేవ చేయుచుండగా, తోడబుట్టిన మనము గుమ్మముకడ నిలిచి శాస్త్రము చెప్పుట ధర్మము కాదు.

మేము తొలిసారి అక్కగారి వీపున కట్టు విప్పిననాడు మా చేతులు వణకినవి. వారది గ్రహించి, పుండును గూర్చి కాక, చిన్నతనమున మా మోకాలిపుండ్లకు తాము పసుపు రాచిన దినములను గూర్చి మాటలాడుచుండిరి. మా ముక్కునకు వైద్యుడు చెప్పిన లేపనమును మేమును రాచుకొంటిమి. పుండ్లు మెల్లగా మానినవి. మధుమేహము గలవారు గనుక మరల లేవవని చెప్పజాలము.

ఇప్పుడు మా స్నానపుగదిలో అయిదు కొయ్యలున్నవి, అయిదు తువాళ్లున్నవి. భోజనమునకు మాత్రము అయిదుగురమును ఒక్క బంతినే కూర్చుందుము.