చార్లీ వచ్చాడా, వచ్చిందా?

1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. రాజస్థాన్ ఇసుకలో కృష్ణ టోపీ పెట్టుకుని గుర్రం మీద వస్తుంటే మా అన్నయ్యలు లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ సాయంత్రం పెరట్లో చీపురుకట్టలు గుర్రాలయ్యాయి. నేనూ ఒకటి తీసుకోబోతే, "నువ్వు కౌబాయ్‌వి ఎలా అవుతావే, ఆడపిల్లవి! మేం తిరిగొచ్చాక మంచినీళ్ళివ్వు" అన్నారు. ఇచ్చాను కూడా, సిగ్గులేకుండా!

మొన్నామధ్య మనవడితో కూర్చుని ఆ సినిమా మళ్ళీ చూశాక, అసలీ కౌబాయ్ ఎవడో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. తుపాకీ వీరుడేం కాదండీ, పశువుల్ని తోలే జీతగాడు. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, టెక్సస్ నుంచి కాన్సస్‌లోని రైలు స్టేషన్లకి వేల పశువుల్ని నెలల తరబడి నడిపించుకెళ్ళేవారు. మందకి పదీ పన్నెండు మంది మగవాళ్ళు. వంటా వాళ్ళదే, చిరుగులు కుట్టుకోవడమూ వాళ్ళదే, పక్కవాడికి జ్వరమొస్తే సేవా వాళ్ళదే. (మావారు ఈ పేజీ చదవరు కనక ధైర్యంగా రాస్తున్నాను.) ఆడవాళ్ళు కరువైన చోట డాన్సు పెట్టుకుంటే, కొందరు చేతికి రుమాలు కట్టుకుని ఆడవాళ్ళ అడుగులు వేసేవారట. రుమాలు విప్పేస్తే మళ్ళీ మామూలే. ఇక మగవాడికి మగవాడి మీద మనసు పోవడం ఆ పశువుల కాపరుల్లో అంత అరుదేం కాదని 1948లోనే కిన్సీ అనే శాస్త్రజ్ఞుడు పుస్తకంలో రాశాడు. 2005లో 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' సినిమా చూసి బుగ్గలు నొక్కుకున్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు కాబోలు.

ఆ రుమాలు దగ్గర నేను ఆగిపోయాను. మనకి రెండు మాటలున్నాయి చూడండి. చెట్లెక్కే పిల్లని 'మగరాయుడు' అంటాం, సగం ముద్దుగా. ముగ్గేసే పిల్లాణ్ణి ఒక మాట అంటాం, అందులో ముద్దేమీ ఉండదు. మా వీధిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ధనుర్మాసంలో మాతోపాటు వచ్చి ఇరవై ఒక్క చుక్కల ముగ్గు ఒక్క మెలిక తప్పకుండా వేసేవాడు. "ఆడంగీ" అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఒక ఏడాది రావడం మానేశాడు. ఆ తర్వాత ఊరే వదిలేశాడు.

సరే, చార్లీ సంగతికొస్తాను. చార్లీ పార్క్‌హర్స్ట్ కౌబాయ్ కాదు, ఆ కాలపు కాలిఫోర్నియాలో గుర్రపు బళ్ళు తోలిన మనిషి. కొండదారుల్లో జనాన్నీ టపానీ చేరవేయడంలో పేరు మోసిన చెయ్యి. గుర్రం తన్ని ఒక కన్ను పోయింది. పొగాకు నమిలే అలవాటు. 1867లో ఓటర్ల పట్టీలో పేరు కూడా ఎక్కింది. 1879 డిసెంబరులో క్యాన్సర్‌తో కన్నుమూస్తే, శవాన్ని సిద్ధం చేయబోయిన ఇరుగుపొరుగు నిర్ఘాంతపోయారు. ఆడమనిషి! ఇంకేముంది, పత్రికలకెక్కించారు.

మా అత్తయ్యకి తొంభై దాటాయి. మధ్యాహ్నం కాళ్ళు ఒత్తుతూ ఈ కథ చెప్పి, "ఇది లోకాన్ని మోసం చేసినట్టేనా అత్తయ్యా?" అన్నాను.

"బండెక్కినవాళ్ళని ఊరు చేర్చారా, లేదా?"

"చేర్చారు."

"మరింకేం మోసమే? తప్పు చేసింది ఆ శవాన్ని ముట్టుకున్నవాళ్ళు. మా ఊళ్ళో నేనెంతమందికి ఆఖరి స్నానం చేయించలేదు! చూసింది ఆ నీళ్ళతోనే పోవాలి. వీధిలోకొచ్చి చెప్పుకుంటారుటే?"

నాకు నోట మాట రాలేదు. నిజమే. కానీ వాళ్ళు చెప్పకపోతే, చీపురుకట్ట పోగొట్టుకున్న నాకు చార్లీ ఉన్నట్టే తెలిసేది కాదే! నాకు తెలియడం కోసం ఒక మనిషి గుట్టు రచ్చకెక్కాలా? తర్వాతెప్పుడో సమాధి దగ్గర రాయి వేసి, అమెరికాలో మొదటి ఓటు వేసిన స్త్రీ అని చెక్కారు. అది చదివి మొదట ఉప్పొంగిపోయాను. పూట గడిచేసరికి ఆ పొంగు దిగిపోయింది. బతికున్నన్నాళ్ళూ దగ్గరికి రానివ్వని మాటని, అడ్డుచెప్పలేని వేళ చూసి నెత్తిన పెట్టడం కాదూ అది? జీతం కోసం కట్టిన వేషమో, అసలు వేషమే కాదో, చార్లీ నోరు విప్పి ఎవరితోనూ చెప్పలేదు.

ఇంగ్లీషువాళ్ళకి క్రియతో బాధ లేదు. మనకి 'వచ్చాడు', 'వచ్చింది' అని తేల్చుకోకుండా అడుగు పడదు. ఇంతదాకా నేనెలా తప్పించుకొచ్చానో మీరు గమనించే ఉంటారు. "'గారు' తగిలించి 'వచ్చారు' అనెయ్" అన్నారు మా అత్తయ్య. మర్యాదే. కానీ అది కూడా తప్పించుకోవడమే అనిపించింది, పైకి అనలేదు.

ఆవిడ కాసేపు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని లేవబోయాను.

"ఇంతకీ ఆ కన్ను పొడిచిన గుర్రాన్ని అమ్మేశాడా, ఉంచుకున్నాడా?" అన్నారు.