తప్పును బతకనివ్వడం

ఫ్యూజు పోతే ఎవరి చెయ్యయినా ముందు కొత్త ఫ్యూజు మీదికే పోతుంది. అదీ పోతే ఇంకాస్త పెద్దది: 10 ఆంపియర్ల ఎర్రది తీసేసి 20 ఆంపియర్ల పసుపుది. నా దృష్టిలో ఇది నిప్పుతో చెలగాటం. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. అది కాలకపోతే వైరు కాలుతుంది.

ఫ్యూజు పదేపదే పోతుంటే మా కారు డిక్కీ వైరింగ్ విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయనకి చూపించాను. ఆయన పోయిన ఫ్యూజు పీకి, దాని చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించాడు. పార్కింగ్ లైట్ల స్విచ్ వెయ్యగానే బల్బు భగ్గున వెలిగింది. "వెలగనివ్వండి సార్. షార్టు ఉన్నంతసేపూ ఇలాగే వెలుగుద్ది. ఎక్కడ కదిలిస్తే డల్ అయ్యిద్దో, అదే మనకి కావాల్సింది" అన్నాడు.

ఆ పద్ధతి గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఫ్యూజు తప్పును అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆగిపోయాక అది ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం. బల్బు అలా కాదు. 12 వోల్టుల మీద రెండు ఆంపియర్లు కూడా పోనివ్వదు కాబట్టి ఏదీ కాలదు, తప్పు మాత్రం మన కళ్ళ ముందే ఉంటుంది. ఇంట్లో పిల్లవాడు అబద్ధమాడితే మనమూ ఫ్యూజులాగే గద్దించి నోరు మూయిస్తాం. ఆ అబద్ధం ఏ భయంలోంచి వచ్చిందో ఇక మనకి చేరదు. కాసేపు చెప్పనిచ్చి వినగలిగే ఓర్పు ఎంతమందికి ఉంది?

డిక్కీ డోరు సగం ఎత్తిన చోట బల్బు మసకబారింది. కీలు పక్కన ముడతల రబ్బరు బూటు వెనక్కి లాగితే కనిపించింది: లైటు వైరు తొడుగు పెళుసెక్కి పగిలి, రాగి పోగులు విడిపోయి, పక్కనే తొడుగు ఊడిన ఎర్త్ వైరుకు తగులుతున్నాయి. రాగిని ఒకేచోట వంచుతూ పోతే గట్టిపడుతుంది, చివరికి విరుగుతుంది. కదలని బాడీకీ కదిలే డోరుకీ మధ్య ఆ జానెడు జాగాలోనే భారమంతా.

పెద్దాయన ఆ రెండు వైర్లతో ఆగలేదు. బూటులోని వైర్లన్నీ కోసి, సన్న పోగుల మెత్తటి వైరు వేశాడు. అతుకులు వంపులో పడకుండా ఒకవైపు బాడీలోకి, మరోవైపు డోరులోకి జరిపాడు. సోల్డరు పెట్టిన చోట వైరు బిగుసుకుంటుంది, దాని పక్కనే మళ్ళీ తెగుతుందట. మిగతావి బాగానే ఉన్నాయి కదా అంటే, "అవీ అన్నిసార్లే వంగాయి సార్" అన్నాడు.