అత్త మీద కోపం దుత్త మీద



కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం, దివ్యపూజ ముగిశాక, గుడి మెట్ల మీద మా ఉపదేశిగారిపై కేకలు వేశాను. కారణం చాలా చిన్నది. జ్ఞానస్నానాల రిజిస్టరులో ఒక పేరు తప్పు పడింది. ఆయన వయసులో నాకంటే పెద్దవారు. నేను ఆ విచారణకు రాకముందు నుంచే అక్కడ జపాలు చెప్పిస్తూ, రోగులను చూసివస్తూ ఉన్న మనిషి. ఆయన తల వంచుకొని ఊరుకున్నారు. చుట్టూ సత్యోపదేశం నేర్చుకునే పిల్లలు నిలబడి ఉన్నారు.

ఆ రాత్రి ఆత్మపరిశోధన వేళ అసలు సంగతి బయటపడింది. అంతకు ముందురోజే, గుడి కప్పు పనికి డబ్బు చాలదని లెక్క తేలింది. ఎవరిని అడగాలో తెలియక నిద్రపట్టలేదు. నాలో ఉన్నది నిజానికి కోపం కాదు, భయం. రిజిస్టరు దానికి దొరికిన సాకు. మరునాడు ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన అన్న మాట నేటికీ మరువలేదు: "మీ కోపం నా మీద కాదని నాకు అప్పుడే తెల్సింది ఫాదరుగారూ. గానీ అక్కడున్న పిల్లలకి తెలీదు గదా!"

అత్త మీద కోపం దుత్త మీద చూపించిందనే సామెత మనకు కొత్త కాదు. దుత్త పగిలితే సంతలో ఇంకొకటి కొనుక్కోవచ్చు. మనిషి మనసు అలాంటిది కాదు. అందుచేత ఈ వారం మీ ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాను. నలుగురి మీద పెత్తనం ఉన్నవాడు తన మనసును తాను ఎరుగకపోవడం ఉత్త స్వభావలోపమా, లేక అన్యాయమా?

"నా స్వభావమే అంత. కోపం వస్తే అనేస్తాను, మనసులో ఏమీ ఉంచుకోను" అని కొందరు గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, వారి మనసులో ఉండదు. అది ఎదుటివాని మనసులోకి దిగిపోయింది గనుక.

మన ప్రాంతంలో పని ఎలా సాగుతుందో చూడండి. పలాసలో జీడిపప్పు ఒలిచే స్త్రీలున్నారు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలలో షిఫ్టులు చేసే యువకులున్నారు. విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వెళ్లి మేస్త్రీ చేతికింద ఇళ్లు కట్టే కుటుంబాలు మన విచారణలలో ఎన్నో ఉన్నాయి. రేపు పని ఉందా లేదా అన్నది పైవాని నోటిమాట మీద ఆధారపడినప్పుడు, కిందివాడు పైవాని ముఖం చదవడం నేర్చుకుంటాడు. "ఈవేళ బాబుగారు ఎలాగున్నారు?" అని పొద్దున్నే ఆరా తీస్తాడు. పైవానికి మాత్రం తన ముఖం తాను చదువుకునే అవసరం రాదు. అధికారం పెరిగేకొద్దీ నిజం చెప్పేవారు తగ్గిపోతారు. తన్ను తాను ఎరుగనివాని అజ్ఞానానికి ఖరీదు చెల్లించేది అతడు కాదు, అతని కింద ఉన్నవారు. ఒకడు చేసిన అప్పు ఇంకొకడు తీర్చవలసి వస్తే దానిని అన్యాయం అనక ఏమంటాము?

కోపం రావడమే పాపమని నేను అనడం లేదు. మన ఉద్వేగాలు వాటంతట అవి మంచివీ కావు, చెడ్డవీ కావు, బుద్ధి, సంకల్పం వాటిని నడిపే తీరును బట్టి అవి మంచివో చెడ్డవో అవుతాయని పదమూడవ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు వారు బోధించారు. కూలి ఎగ్గొట్టేవానిని చూసి కోపం రాకపోతే అదే తప్పు. ఆ కోపం ఎవరి మేలు కోసం వచ్చిందన్నదే పరీక్ష.

1990లో సాలొవే, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఉద్వేగ ప్రజ్ఞ అనే భావనను వివరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన పుస్తకంతో అది ఆఫీసులదాకా పాకింది. మంచిదే. కాని ఒక హెచ్చరిక. ఎదుటివాని మనసు చదవడం మోసగానికీ వచ్చు. నవ్వుతూ భుజం తట్టి, జీతం లేని రెండు గంటల పని అదనంగా చేయించుకునే యజమానికీ ఆ తెలివి ఉంది. ఎదుటివాని మేలు కోరినప్పుడే ఆ తెలివి సుగుణమవుతుంది. దానికి మొదటి మెట్టు ఎదుటివాని మనసు కాదు, మన మనసే.

దీనికి సాక్షిని దూరంగా వెదకనక్కరలేదు. 1993లో శ్రీకాకుళం పీఠం ఏర్పడకముందు మన విచారణలు విశాఖ పీఠంలోనివి. 1846లో విశాఖకు వచ్చిన మిషనరీలు పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ వారిని పాలకులుగా ఎంచుకున్న సభవారు. 1602లో జెనీవా మేత్రాణులైన ఈ పునీతులు సౌమ్యతకు మారుపేరు. అయితే ఆ సౌమ్యత పుట్టుకతో వచ్చినది కాదు. స్వభావం చేత వారు ముక్కోపి. తన లోపలి మంటను తాను ఎరిగి, ఏళ్ల తరబడి దానితో పోరాడి సాధించుకున్న సౌమ్యత అది. "నా స్వభావమే అంత" అనే మాటకు వారి జీవితమే జవాబు.

మనమూ కొంత చేయవచ్చు. మేస్త్రీ అయినా, హెడ్మాస్టరు అయినా, ఇంటి యజమాని అయినా, గొంతు పెంచబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నాలో ఇప్పుడు ఉన్నది కోపమా, భయమా, అవమానమా? అది ఎక్కడ నుంచి వచ్చింది? ఈ మనిషి దానికి బాధ్యుడా? మీ ముఖం మీదే నిజం చెప్పగలిగే ఒక్క మనిషిని దగ్గర ఉంచుకోండి, చెప్పినప్పుడు శిక్షించకండి.

నా కథ ఇంకొంచెం మిగిలి ఉంది. గుడి మెట్ల మీద చేసిన తప్పుకు ఇంటి అరుగు మీద అడిగిన క్షమాపణ చాలదని ఉపదేశిగారి మాటతో నాకు అర్థమైంది. మరుసటి ఆదివారం అదే మెట్ల మీద, అదే పిల్లల ముందు, ఆయన చేయి పట్టుకొని, "పోయిన వారం తప్పు నాది" అని చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు వణికింది. పిల్లలు వింతగా చూశారు. ఆయన మాత్రం రిజిస్టరు తెచ్చి, "పేరు సరిచేశాను, చూడండి ఫాదరుగారూ" అన్నారు.