అవ్వ పాట – మనుమని యంత్రము

1860లో ట్రూరో నౌక మద్రాసు నుండి డర్బను చేరినది మొదలు నేటాలు చెరకుతోటలకు ఒడంబడిక కూలీలుగ వెడలిన తెలుగువారు పెండ్లిపాటలను, రామభజనలను కాగితముపై కంటె కంఠమునందే ఎక్కువగ మోసికొనిపోయిరి. నేర్చుకొనువాడు లేనిచో పాట లేదు. అందుచే నేర్చుకొనిరి.

1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును వెలువరించెను. అవ్వ పాడుచుండగ మనుమడు మీట నొక్కినచో చాలును. ఇక నేర్వనేల అనిపించెను. క్యాసెట్టు ఆక్రమించినది గ్రామఫోను స్థానమును మాత్రమే కాదు, జ్ఞాపకశక్తి స్థానమును కూడ.

1982లో సీడీ వచ్చెను. దాని చోటును పిదప ఫోను గైకొనెను. క్రొత్త వస్తువు సౌఖ్యమునే తెచ్చినది, నిందింప పనిలేదు. కాని అంగడిలో యంత్రము మారుట కొనువాని అనుమతితో జరుగదు. టేపుపై గల అయస్కాంతపు పూత ఏండ్లు గడచిన కొలది చెడును. అది చెడకమునుపే వినిపించు యంత్రమును బాగుచేయువాడు కరవగును. అలమారలోని అవ్వ గొంతు మూగవోవును. మనుమనికా, పాట రాదు!

తాళపత్రములకును పురుగు తప్పలేదు. అయినను పూర్వులు అవి శిథిలము కాకమునుపే క్రొత్త ఆకులపై ప్రతులు వ్రాయించిరి. లేఖకుల తప్పులు చేరినను గ్రంథములు బ్రతికినవి. క్యాసెట్టు గల గృహస్థునకు ఆ ఋణము లేదా? యంత్రము దొరకినచో పాటను కంప్యూటరులోనికి ఎక్కింపవచ్చును. కంప్యూటరును పాతబడునుగదా అని కొందరందురు, నిజమే. అయితే 60 నిమిషముల క్యాసెట్టును ఎక్కించుటకు సాధారణముగ 60 నిమిషములే పట్టును. అంతసేపును మనుమడు చెంత కూర్చుండినచో ఒక చరణమైనను నోటికి రావచ్చును.