పెద్ద బండి ఎవరిది?



ఒక మనుష్యుడు తన అవసరమునకు మించిన పెద్ద బండిని, మరి ఏ బండినీ పోలని దానిని, తన యిష్టప్రకారము కట్టించుకొని, అది చేయి దాటి పోయిన తరువాత కూడా తలచుకొని మురిసిపోతే తప్పా? ప్రశ్న పైకి చిన్నదిగానే కనబడుతుంది. కాని కాటన్‌పేటలోను, దాని ప్రక్కన కలాసిపాళ్యములోను బండ్ల మధ్యనే బ్రతుకు వెళ్ళదీసిన మనవారికి అది చిన్న ప్రశ్న కాదు. ఊరు విడిచి వచ్చినవారిలో మొదట మూట మోసి, తరువాత క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, చివరకు అప్పు చేసి ఒక బండికి యజమానులైన వారున్నారు. అటువంటి వారి మురిపెమును "లోకాశ" అని ఒక్క మాటతో కొట్టివేయుట సులభము. ఆ మాట అంత తొందరగా అనకూడదని మా అభిప్రాయము.

పెద్దలు నలుగురు కూర్చుంటే ఎన్నో పాత పేర్లు వస్తాయి. పూనాలో బజాజ్ టెంపో వారు చేసిన మెటాడోర్, మన జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్, 1986లో వచ్చిన టాటా 407. బెంగళూరులో ఏ చిన్న లారీనైనా "టెంపో" అనుట అలవాటు. ఆ కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకున్నది గాని, జనము నోట టెంపో టెంపోగానే నిలిచింది.

ఈ బండ్లలో రెండు ఒకే రీతిగా ఉండేవి కావు. దానికి కారణమున్నది. లారీ కొన్నాడంటే చాలాసార్లు కంపెనీ నుండి వచ్చేది ఇంజను, చాసిస్, ముందు ముఖము మాత్రమే. క్యాబిన్ లేని ఆ చాసిస్ మీద తలకు తువాలు చుట్టుకొని, ఎండకు వానకు ఓర్చి, వందల మైళ్ళు నడిపి తెచ్చే డ్రైవర్లను మనలో పెద్దవారు చూచే ఉంటారు. తరువాత దానిని బాడీ కట్టే షెడ్డుకు చేర్చేవారు. విజయవాడ ఆటోనగర్ 1960లలో మొదలై ఈ పనికి పేరు పొందింది. అక్కడ యజమాని నిలబడి, తొట్టి ఒక అడుగు పొడిగించమనేవాడు, ప్రక్క పలకలు ఎత్తు చేయమనేవాడు, క్యాబిన్ పైన సామాను పెట్టుకొనుటకు చోటు అడిగేవాడు. వడ్రంగి, కమ్మరి, వెల్డరు, పెయింటరు కలిసి అతని కోరికను చెక్కతోను ఇనుముతోను నిలబెట్టేవారు. కనుక ప్రతి బండి వెనుక ఒక కోరికయు, అనేకుల చేతిపనియు ఉన్నవి.

పెద్ద బండి మోజు మనకే ఉన్నదనుకోవద్దు. అమెరికాలో ఇంటర్నేషనల్ కంపెనీ 2004లో సి.ఎక్స్.టి. అనే పికప్పును అమ్మకానికి తెచ్చింది. పొడవు 21 అడుగులు, ఎత్తు సుమారు 9 అడుగులు, ఖాళీ బరువే ఆరు టన్నులు దాటును. కొన్నవారిలో అంత బండితో పని ఉన్నవారు ఎందరో మరి! 2008తో అది నిలిచిపోయింది. మన దేశములోను ఇప్పుడు సరుకు కోసము కాక సరదా కోసము పికప్పు కొంటున్నారు. ఇసుజు వారి వి-క్రాస్ అటువంటిదే. ఆంధ్రప్రదేశ్ శ్రీసిటీలో 2016లో తెరచిన కర్మాగారములో అది తయారైంది. పొడవు అయిదు మీటర్లకు పైమాటే. కాటన్‌పేట ప్రక్క సందులో దానిని నిలిపితే ఎవరి వాకిలి మూసుకుపోతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

పరిమాణము పాపమా అని అడిగితే, కాదు అంటాము. ఎదుటివాని వాకిలి, నడిచే ముసలమ్మ దారి, ఇవి లెక్కలోకి రావలెను, అంతే. ఇష్టమొచ్చినట్లు మార్చుకొనుటకు చట్టము కూడా హద్దు పెట్టింది. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీ వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. కొత్త చాసిస్ మీద నియమము ప్రకారము బాడీ కట్టించుట వేరు సంగతి.

మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రము జ్ఞాపకమును గూర్చిన సంగతి. యజమాని బండి నంబరు, రంగు, మొదటి కిరాయి జ్ఞాపకముంచుకుంటాడు. ఏ ఘాటులో బ్రేకు ఎంత ముందుగా తొక్కవలెనో డ్రైవరుకు జ్ఞాపకము. చలిలో ఏ పలక సందున గాలి వచ్చేదో క్లీనరుకు జ్ఞాపకము. బండి ముందు యజమాని పిల్లల పేర్లు, దేవుని పేరు వ్రాస్తారు. బాడీ కట్టిన షెడ్డు పేరు కూడా ఒక మూల ఉంటుంది, అది ప్రకటన కోసము. ఇరువది ఏండ్లు నడిపినవాని పేరు ఎక్కడ ఉన్నది? ఆర్.సి.లో ఒక్కరి పేరే ఉండును. 2021లో కేంద్రము పాత బండ్ల తుక్కు విధానమును ప్రకటించిన తరువాత ఇటువంటివి ఇంకను త్వరగా తుక్కుకు పోతున్నవి. ఆ సొమ్ము కూడా ఆర్.సి.లోని ఒక్కరికే చేరును.

చట్టము ఇక్కడ డ్రైవరుకు తోడు రాదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము మొదలుకొని నేటి వరకు ఆ నియమము పదిమంది, అంతకు మించి పనివారున్న చోటికే వర్తించుచున్నది. ఒక్క బండి యజమాని దగ్గర ఉండేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. చట్టము వర్తిస్తే ఏమి వచ్చేదో చూడండి. ఏడాదికి పదిహేను రోజుల జీతము చొప్పున, నెలకు 15,000 రూపాయల జీతగానికి ఇరువది ఏండ్లకు సుమారు 1,73,000 రూపాయలు.

"బండి మొత్తము తుక్కుకు వేసినా అంత రాదు కదా" అని యజమాని అంటాడు. నిజమే కావచ్చును. అతడు కూడా ధనవంతుడు కాడు. ఫైనాన్సు వాయిదాలు, టైర్లు, ఎఫ్.సి., పోలీసులు, అన్నీ అతని నెత్తినే ఉండినవి. చాలామంది తామే స్టీరింగు పట్టినవారు. అయినను ఆ బండి తుక్కు ధర చేసే నాడు కాదు గదా డ్రైవరు దానిని నడిపింది! మదనపల్లె టమాటాలు తెల్లవారేసరికి మార్కెట్టులో దింపిన రోజుల్లో నడిపాడు. ఆ రోజుల కిరాయితోనే పిల్లల చదువు, ఇంటి మీద రెండవ అంతస్తు లేచినవి. ఆ బండిని తలచుకొని మురిసే హక్కు యజమానికి ఉన్నది; ఆ మురిపెములో డ్రైవరుకు వాటా ఉన్నది గనుక డబ్బులోను వాటా ఉన్నదని మేము నమ్ముచున్నాము. ఒకేసారి ఇయ్యలేకపోతే నెల నెలా ఇయ్యవచ్చును. బండి అమ్ముటకు ముందే, నడిపినవానిని ఇంటికి పిలిచి, ఎన్ని ఏండ్లు పనిచేసెనో ఇద్దరును కలిసి లెక్క వేసుకొని, కాగితము మీద పెట్టుకొనుట మంచిది.